స్వేచ్ఛయు జీవనోపాధియు

ఉచితమనియు స్వేచ్ఛయనియు మన భాషలో రెండు మాటలు గలవు. చలివేంద్రములో పోయు నీరు ఉచితము. ఊరి బావిలో అందఱితోపాటు నీరు తోడుకొను హక్కు స్వేచ్ఛ. మొదటిది దాత దయ. రెండవది మనుష్యుని హక్కు. ఈ భేదము తెలుగువానికి ఒకరు చెప్పనక్కఱలేదు. ఆంగ్లమున ఈ రెంటికిని ఒకటే మాట. ఆ ఒక్క మాట కారణముగ కంప్యూటరు ప్రపంచమున నలువదేండ్లుగా ఒక పెద్ద పొరపాటు వ్యాపించియున్నది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అనగానే వెల యడుగకూడని సాఫ్ట్‌వేరని జనులు తలచుచున్నారు. దానిని వ్రాసినవాడు డబ్బడిగినచో మాట తప్పినవానిగ చూచుచున్నారు. అడుగక యూరకున్నచో, వానికి పూట యెట్లు గడచుచున్నదని విచారించువారు అరుదు.

స్వేచ్ఛగ విడిచిన సాఫ్ట్‌వేరు మీద ఆధారపడి గౌరవముగ బ్రతుకవచ్చునా? అట్లు బ్రతుకుచు దాని స్వేచ్ఛను చెడకుండ కాపాడవచ్చునా? వచ్చుననియే మా యభిప్రాయము. అయితే డబ్బు వచ్చు దారులన్నియు ఒకటి కావు. కొన్ని దారులు స్వేచ్ఛను పోషించును. కొన్ని దానినే తినివేయును. ఏది యెట్టిదో తెలిసికొనుట వ్రాయువారికే గాక వాడుకొనువారికి సైతము అవసరము. ఏలయన నేడు బ్యాంకులోను, ఆసుపత్రిలోను, ప్రభుత్వ కార్యాలయములోను, జేబులోని ఫోనులోను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు లేనిచోటు లేదు.

విషయమునకు క్రొత్తవారి కొఱకు రెండు మాటలు. కంప్యూటరుచేత పని చేయించు ఆజ్ఞల సముదాయమే సాఫ్ట్‌వేరు. మనుష్యులు చదువదగిన రీతిలో వ్రాసిన ఆ ఆజ్ఞలకు సోర్సు కోడు, అనగా మూలపాఠమని పేరు. దానిని యంత్రమునకు మాత్రమే తెలియు రూపమునకు మార్చి, మూలపాఠమును దాచినయెడల, కొన్నవాడు వాడుకొనగలడు గాని లోపల నేమున్నదో చూడలేడు, తప్పు దిద్దుకొనలేడు, పొరుగువాని కీయలేడు. 1983 సెప్టెంబరులో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అను ప్రోగ్రామరు ఈ పద్ధతికి ఎదురు నిలిచి, 'గ్నూ' అను పేర పూర్తిగ స్వేచ్ఛగల కంప్యూటరు వ్యవస్థను నిర్మింతునని ప్రకటించెను. 1984 జనవరిలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలోని తన యుద్యోగమును విడిచి ఆ పనికి పూనుకొనెను.

ఆయన 1989లో వెలువరించిన 'జనరల్ పబ్లిక్ లైసెన్సు' న్యాయశాస్త్ర మెఱిగినవారికి ముచ్చట గొలుపు పత్రము. కాపీరైటు చట్టము పరులను అడ్డగించుటకు పుట్టినది. ఆ చట్టమిచ్చిన యధికారముతోనే ఆయన అడ్డగింపును అడ్డగించెను. ఈ సాఫ్ట్‌వేరును ఏ పనికైనను వాడవచ్చును, మూలపాఠమును చదివి మార్చుకొనవచ్చును, నకళ్లు పంచవచ్చును, మార్చిన ప్రతిని సైతము పంచవచ్చును, కాని పంచునపుడు పుచ్చుకొనువానికిని ఈ హక్కులన్నియు నీయవలెను. పత్ర తాత్పర్యమింతే. వెల పుచ్చుకొనరాదను షరతు అందెచటను లేదు. పైగా 2007లో వెలువడిన దాని మూడవ పాఠములో, ప్రతియొక నకలునకు ఎంత వెలయైనను పుచ్చుకొనవచ్చునని, పుచ్చుకొనకయు నుండవచ్చునని స్పష్టముగ వ్రాసియున్నది.

మొదట అమ్మినవాడు స్టాల్‌మనే. ఉద్యోగము మానినవానికిని తిండి కావలెను గదా! 1985లో తాను వ్రాసిన 'ఈమాక్స్' అను ఎడిటరును టేపుమీద నెక్కించి, టేపు 150 డాలర్లకు అమ్మెను. నెట్‌వర్కు గలవారు వెల లేకయే దింపుకొనవచ్చును. స్నేహితునియొద్ద నకలు తీసికొనవచ్చును. ఆ సౌకర్యము లేనివారు డబ్బు పంపి టేపు తెప్పించుకొనిరి. కొన్నవానికిని కొననివానికిని దక్కిన హక్కులలో వెంట్రుకవాసి భేదము లేదు. ఆయన అమ్మినది టేపు, శ్రమ, సౌకర్యము. హక్కును అమ్మలేదు. తరువాతి నలువదేండ్ల చరిత్రను తూచుటకు ఈ చిన్న బేరమే తగిన తూనిక.

ఇది వింతగ తోచువారు న్యాయస్థానము వైపు చూతురు గాక. తీర్పులు ఎవరి సొత్తు? ఈస్టర్న్ బుక్ కంపెనీకిని మోదక్‌కును జరిగిన వ్యాజ్యములో 2007 డిసెంబరున సుప్రీంకోర్టు, తీర్పుల మూలపాఠము ప్రజలందఱిదనియు, ప్రచురణకర్త తన నేర్పుతోను వివేకముతోను చేర్చినదానికి మాత్రమే రక్షణ గలదనియు నిర్ణయించెను. చట్టమును, తీర్పును ఎవరైనను చదువవచ్చును, అచ్చువేయవచ్చును, కోర్టులో ఉదహరింపవచ్చును. అంతమాత్రమున వకీళ్లు పస్తులుండుట లేదు. కక్షిదారుడు ఫీజు చెల్లించుట చట్టమును కొనుటకు గాదు. దానిని తన చిక్కునకు అన్వయింపగల మనుష్యుని కాలమును, నేర్పును కొనుటకు. త్యాగరాజ కీర్తనలు అందఱి సొత్తు. అయినను కచ్చేరి చేసిన విద్వాంసునికి సంభావన ముట్టచెప్పకుండుట మన యాచారము కాదు.

ఈ సూత్రమును వ్యాపారమున నిలబెట్టి చూపినవారు గలరు. 1989లో మైకేల్ టీమన్, జాన్ గిల్‌మోర్, డేవిడ్ హెంకెల్ వాలెస్ అను మువ్వురు సిగ్నస్ అను సంస్థను స్థాపించి, గ్నూ పరికరములను క్రొత్త యంత్రములకు అనుకూలింపజేయుట, తప్పులు దిద్దుట, సలహా చెప్పుట వృత్తిగ చేసికొనిరి. 1993లో పుట్టిన రెడ్ హ్యాట్ సంస్థ లినక్సు వ్యవస్థను ఇట్లే అమ్మసాగెను. 1999లో సిగ్నస్‌ను తనలో కలుపుకొనెను. రెడ్ హ్యాట్‌కు పెద్ద సంస్థలు చెల్లించిన వార్షిక చందా దేని కొఱకు? బాగుగ పరీక్షించిన ప్రతి కొఱకు, భద్రతకు సంబంధించిన సవరణలు కాలమునకు అందుట కొఱకు, అర్ధరాత్రి యంత్రము నిలిచిపోయినపుడు పిలిచిన పలుకు మనిషి కొఱకు. 2012తో ముగిసిన ఆర్థిక సంవత్సరమున ఆ సంస్థ ఆదాయము 100 కోట్ల డాలర్లను దాటెను. 2019లో ఐ.బి.ఎం. దానిని 3,400 కోట్ల డాలర్లకు కొనెను. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు సన్యాసుల వ్యాపకమను మాటకు ఇంతకు మించిన జవాబు వలదు.

ఆ రాబడిలో కొంత మన యింటికి గూడ వచ్చినదని తెలుగువారిలో ఎందఱెఱుగుదురు? రెడ్ హ్యాట్ 'లోహిత్' అను పేర భారతీయ భాషల ఫాంట్లను స్వేచ్ఛా లైసెన్సు క్రింద విడిచినది. అందు తెలుగు ఒకటి. ఒకనాడు సీసపు అక్షరముల పెట్టెలకు డబ్బు చాలక పత్రికలు ఎట్లు అల్లాడెనో పాత సంపాదకుల నడిగిన చెప్పుదురు. ఎవరి యనుమతి వేడక, ఏటేట కప్పము గట్టక, తెలుగు అక్షరము కంప్యూటరు తెరమీద నిలుచుటకు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుమీద సంపాదించిన సంస్థయొకటి ఖర్చు భరించెను.

దారి ఇదొక్కటే కాదు. 2002లో 'బ్లెండర్' అను బొమ్మల నిర్మాణపు సాఫ్ట్‌వేరును తయారుచేసిన సంస్థ మూతపడెను. మూలపాఠము పెట్టుబడిదారుల చేత చిక్కెను. దాని కర్తయైన టాన్ రోజెండాల్ ఒక లక్ష యూరోలకు దానిని విడిపింపవచ్చునని తెలిసికొని ప్రజలను చందా లడిగెను. ఏడు వారములలో ఆ సొమ్ము కూడెను. ఆ యేడు అక్టోబరు 13న మూలపాఠము జనరల్ పబ్లిక్ లైసెన్సు క్రింద లోకమునకు విడుదలయ్యెను. తరువాత నెలనెల చందా లిచ్చు వ్యక్తుల వలనను సంస్థల వలనను దాని పనివారికి జీతములు దొరకెను. ఆ సాఫ్ట్‌వేరుతోనే నిర్మించిన 'ఫ్లో' అను లాట్వియా దేశపు చిత్రము 2025లో ఉత్తమ యానిమేషను చిత్రముగ ఆస్కారు పొందెను. మన దేశములో ముంబాయికి చెందిన ఫ్రాపే సంస్థ, వ్యాపారపు లెక్కలు, సరకు నిలువలు, జీతములు చూచు 'ఇ.ఆర్.పి. నెక్స్ట్' సాఫ్ట్‌వేరును పూర్తిగ స్వేచ్ఛా లైసెన్సు క్రిందనే విడిచి, దానిని తన సర్వర్లమీద నడిపిపెట్టుట వలనను, సహాయమందించుట వలనను సంపాదించుచున్నది. స్వయముగ నడుపుకొనగలవాడు డబ్బీయనక్కఱలేదు. తీరిక లేనివాడు ఇచ్చును.

ఇంతవఱకు వెలుగు. చీకటిని దాచుట పత్రికాధర్మము కాదు.

ఇంటర్నెట్టులో మన రహస్యములను గుప్తపఱచు 'ఓపెన్ ఎస్.ఎస్.ఎల్.' అను సాఫ్ట్‌వేరులో 2014 ఏప్రిలున 'హార్ట్‌బ్లీడ్' అను ఘోరమైన లోపము బయటపడెను. లోకములోని వ్యాపారములో అధికభాగము దానిని నమ్ముకొనియుండగా, దానిని కనిపెట్టియుండు సంస్థకు ఏడాదికి వచ్చిన విరాళములు సుమారు 2,000 డాలర్లు. పూర్తికాలము పనిచేయువాడు ఒక్కడు. కోట్లు గడించుచున్న సంస్థలు అప్పటిగాని జేబు తడుముకొనలేదు. పదేండ్లకు, 2024 మార్చిలో, 'ఎక్స్.జెడ్.' అను మఱొక పరికరమునకు ఇట్టి గండమే వచ్చెను. దానిని చూచుకొనువాడు ఒంటరివాడు; అది జీతము లేని పనియని ఆయనయే చెప్పుకొనియుండెను. మాఱుపేరుతో వచ్చిన అపరిచితుడొకడు రెండేండ్లకు పైగా సాయము చేయుచు నమ్మకము సంపాదించి, అందులో దొంగవాకిలి యొకటి పెట్టెను. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు, తన యంత్రము అరసెకను ఆలస్యముగ పలుకుచున్నదేమని శంకించి వెదకుటచే లోకము బ్రతికిపోయెను. ఈ రెండు గండములకును మూలమొక్కటియే: వాడుకొన్నవారు లెక్కకు మీఱినవారు, పోషించినవారు లేరు. కూలి లేని కావలివాడు కునుకు తీసినచో తప్పు వానిదా, ఊరిదా?

ఈ యన్యాయమును చూచి కొందఱు వేఱొక దారి తొక్కిరి. తాము వ్రాసినదానిని పెద్ద క్లౌడు సంస్థలు తీసికొని, అద్దెకిచ్చి, లాభమంతయు తామే పుచ్చుకొనుచున్నవని వారి మొఱ. ఎలాస్టిక్ సంస్థ 2021లోను, హాషికార్ప్ 2023లోను, రెడిస్ 2024లోను స్వేచ్ఛా లైసెన్సులను వదలి, నిర్బంధములు గల లైసెన్సులను చేపట్టెను. వారి మొఱ అబద్ధమని మేమనము. వారి చికిత్స మాత్రము తప్పు. ఆ సాఫ్ట్‌వేరులో బయటివారు వ్రాసియిచ్చిన భాగములు గలవు. వారు తమ శ్రమను అందఱి సొత్తునకు చేర్చుచున్నామను నమ్మకముతో నిచ్చిరి. పదిమంది త్రవ్విన చెఱువునకు ఒకడు తాళము వేసినచో, వాని కష్టము నిజమైనను, తాళము న్యాయము కాజాలదు. ఫలితమును కాలమే చూపెను. మూడింటిలోను పాత ప్రతిని తీసికొని ఇతరులు ఓపెన్‌సెర్చ్, ఓపెన్‌టోఫు, వాల్కీ అను పేర వేఱు కుంపట్లు పెట్టిరి. ఎలాస్టిక్ 2024లోను, రెడిస్ 2025లోను మరల స్వేచ్ఛా లైసెన్సును గూడ చేర్చుకొనెను. ఇరువురును ఎన్నుకొన్నది 'ఎఫెరో' లైసెన్సు. నెట్‌వర్కుమీద నడిపి యితరులకు సేవ చేయువాడు తాను చేసిన మార్పులను ఆ యితరులకు చూపవలెనని దాని నియమము. అది ఎవరిచేతను డబ్బు కట్టించదు. దాచుకొనుటను మాత్రము మాన్పును.

మేము పైన పొగడిన రెడ్ హ్యాట్ సైతము ఈ పరీక్షకు అతీతము కాదు. 2023 జూనులో ఆ సంస్థ తన ముఖ్య వ్యవస్థ యొక్క మూలపాఠమును బహిరంగముగ నుంచుట మాని, ఖాతాదారులకు మాత్రమే అందింప నిశ్చయించెను. లైసెన్సును అక్షరాల పాటించుచున్నామని వారి వాదము. లైసెన్సు ఆత్మ దెబ్బతిన్నదని విమర్శకుల వాదము. అక్షరము నిలిచి ఆత్మ క్రుంగిన పత్రములు న్యాయవాదులకు క్రొత్త కావు. మేము విమర్శకుల పక్షము.

కావున సంపాదన యెట్టిదైనను రెండు ప్రశ్నలతో దానిని పరీక్షింపవలయును. డబ్బిచ్చినవానికిని ఈయనివానికిని మూలపాఠముమీది హక్కులు సమానముగ నున్నవా? రేపు యజమాని మాఱినను, మనసు మాఱినను, మిగిలినవారు ప్రతిని తీసికొని ముందుకు సాగగలరా? మై ఎస్.క్యూ.ఎల్. చరిత్ర ఈ రెండవ ప్రశ్నకు సాక్ష్యము. 2008లో దానిని సన్ సంస్థ సుమారు 100 కోట్ల డాలర్లకు కొనెను; 2010లో సన్‌ను ఒరాకిల్ కొనెను. సొత్తు చేతులు మాఱినను ప్రజలు దిక్కులేనివారు కాలేదు. దాని కర్తలలో నొకడైన మైకేల్ విడేనియస్ అదే మూలపాఠముతో 2009లో మారియా డి.బి. నారంభించెను. లైసెన్సు గట్టిదగుటచే అట్లు చేయ వీలయ్యెను. ఈ రెండు ప్రశ్నలకును ఔనని చెప్పగల వ్యాపారము ఎంత లాభము గడించినను మాకు అభ్యంతరము లేదు. కాదని చెప్పవలసివచ్చు వ్యాపారము ఎంత పేదదైనను స్వేచ్ఛ పేరు పెట్టుకొనరాదు.

ఇక మన కర్తవ్యము. మన గ్రామములలో చెఱువులకు కుడిమరామత్తు అను ఆచారముండెడిది. ఆయకట్టు రైతులు ఇంటికొక మనిషిని పంపి, పూడిక తీసి, గట్టు వేసి, కాలువ బాగుచేసికొనెడివారు. నీటికి వెల లేదు. గట్టునకు చాకిరి గలదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునకు నేడు కావలసినది ఈ ధర్మమే.

మొదట, దానిమీద లాభము గడించుచున్న సంస్థలు మేలుకొనవలెను. 2024 అక్టోబరులో బెంగుళూరిలోని జెరోధా సంస్థ ఏటా 10 లక్షల డాలర్లు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు నిర్మాతలకు ఈయ సంకల్పించి నిధి యేర్పఱచినది. హైదరాబాదులోని మన కంపెనీలు అట్టి పని యేల చేయరాదు? నిధి పెద్దది కానక్కఱలేదు. తాము దినదినము వాడు పది పరికరముల పేరులు వ్రాసికొని, వాని నిర్మాతలకు ఏటేట ఒక మొత్తము పంపినను చాలును. పంపునది దానమని గర్వింపరాదు. గట్టు చాకిరి యనుకొనవలెను.

రెండవది, ప్రభుత్వములు. భారత ప్రభుత్వము 2015లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరునకు ప్రాధాన్యమీయవలెనని విధానము ప్రకటించెను. మంచిదే. కాని వాడుకొనుట వేఱు, నిలబెట్టుట వేఱు. జర్మనీ ప్రభుత్వము 2022లో 'సావరిన్ టెక్ ఫండ్' అను నిధి నేర్పఱచి, అందఱికిని ఆధారమైన సాఫ్ట్‌వేరును బాగుచేయువారికి ప్రజాధనము నుండి కూలి చెల్లించెను. రోడ్డునకును వంతెనకును మరమ్మతు పద్దు వ్రాయు ప్రభుత్వమునకు ఇది తెలియనిది కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వములు తమ టెండర్లలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు నిర్వహణకు ప్రత్యేకముగ ఒక పద్దు చేర్చి, ఆ డబ్బుతో జరిగిన సవరణలు మూలప్రాజెక్టునకు తిరిగి చేరవలెనని షరతు పెట్టవచ్చును. దాని వలన మన యువకులకు పని దొరకును. మనము చెల్లించిన సొమ్ము అందఱి సొత్తును పెంచును.

మూడవది, మన యువకులతో ఒక మాట. హైదరాబాదు కేంద్రముగ 'స్వేచ్ఛ' అను పేరుతోనే ఒక సంస్థ పనిచేయుచు, తెలుగులో ఆపరేటింగు సిస్టమును సిద్ధపఱచి, ఇంజనీరింగు విద్యార్థులకు ఈ మార్గము చూపినది. ఉచితము అను పేరు పెట్టుకొనక స్వేచ్ఛ అను పేరు పెట్టుకొనుటలోనే వారి వివేకము గలదు. ఆ మార్గమున నేర్చినవారు వెల చెప్పుటకు సిగ్గుపడరాదు. మీ పట్టణములోని సహకార సంఘమునకు లెక్కల సాఫ్ట్‌వేరు అమర్చుట, ముద్రణాలయమునకు తెలుగు అక్షరములు కుదుర్చుట, గ్రంథాలయమునకు పుస్తకముల పట్టిక కంప్యూటరులో నెక్కించుట, పాఠశాలలో ఉపాధ్యాయులకు నేర్పుట — ఇవన్నియు కూలికి తగిన పనులు. కూలి ముందుగనే స్పష్టముగ చెప్పుడు. పని చేసినపిదప మూలపాఠమును, వివరములను వారి చేతి కిండు. రేపు మీకన్న మంచివాడు వచ్చినచో వానిని పిలుచుకొను స్వాతంత్ర్యము వారికి మిగులవలెను. ఆ స్వాతంత్ర్యము గలిగియు మరల మిమ్మే పిలిచిరేని, అదియే మీకు నిజమైన సంపాదన.

చదువరులలో సాఫ్ట్‌వేరు వ్రాయనివారే అధికులు. వారు చేయదగినది చిన్నది. వెల లేక దొరకినదానిని విలువ లేనిదిగ చూడకుడు. మీ కంప్యూటరులో వెల లేక దొరకిన పరికర మొకటి మీకు నిత్యము ఉపకరించుచున్నచో, దానిని వ్రాసినవారు ఎవరో, వారు చందా తీసికొందురో లేదో ఒక్కసారి విచారింపుడు. పఠనమందిరమునకు నెల చందా కట్టినట్లే, శక్తికొలది వారికిని కట్టుడు. గట్టుమీద మనుష్యులున్నంత కాలమే చెఱువు మనది.